ఆల్బంలోకి రానన్న అమ్మ

నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. పెళ్ళి పందిట్లో అది పెళ్ళికూతురి మేనమామ తల దాకా మాత్రమే ప్రయాణిస్తుందని ఆ పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఆ సంగతి ఉద్యోగంలో చేరాక తెలిసింది. ఉద్యోగం అంటే మా నాన్న ఒప్పుకోడు. ఎవరైనా అడిగితే "మావాడు పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తాడు" అని చెప్పి, ఒక్క క్షణం ఆగి, "ప్రస్తుతానికి" అని కలుపుతాడు. ఆ ప్రస్తుతానికి ఇప్పుడు పదకొండేళ్ళు.

ఈ పనిలో కెమెరాది చిన్న వేషం. పెద్ద వేషాలన్నీ మనమే కట్టాలి. మధురవాడలో ఒక సాఫ్ట్‌వేర్ జంట నాకు ఎక్సెల్ షీటు పంపారు. నూట పద్నాలుగు ఫోటోలు, వరస నంబర్లతో. ముప్పై ఏడో నంబరు దగ్గర 'అనుకోకుండా వచ్చిన నవ్వు, సాయంత్రం నాలుగూ ఇరవై' అని ఉంది. వాళ్ళ దగ్గర నేను ప్రాజెక్టు మేనేజరునయ్యాను. నవ్వు నాలుగూ పదిహేనుకే డెలివరీ అయింది. స్టీలు ప్లాంటులో చేసి రిటైరైన ఒకాయన, గ్రూప్ ఫోటోకి ముందు చుట్టాలందర్నీ షిఫ్టులో హాజరు తీసుకున్నట్టు లెక్కపెట్టి, ఇద్దరు తగ్గారని పావుగంట పందిరంతా వెతికించారు. ఆ ఇంటికి నేను ఖాకీ రంగు చొక్కా వేసుకెళ్ళాను. ఆయన మొదటి నిమిషం నుంచీ నన్ను నమ్మారు. ఇక గాజువాకలో ఒకింట్లో, ఫోటోగ్రాఫరు కడుపు నిండా తినకపోతే ఫోటోలు బాగా రావని నమ్మకం. మూడు రోజుల పెళ్ళిలో రెండు కేజీలు పెరిగాను. ఫోటోలు నిజంగానే బాగా వచ్చాయి. కాబట్టి ఆ నమ్మకాన్ని నేను కాదనలేను.

ఇలా ఏ ఇంటికెళ్తే ఆ ఇంటి మనిషినైపోవడం నాకు వచ్చునని కొంచెం గర్వం ఉండేది. దాన్ని దించింది ఒక చేపలమ్మే ఆవిడ.

హార్బరులో పొద్దుటి సరుకు అమ్మేసి, ఖాళీ గంప గుమ్మం బయట పెట్టి, కూతురితో కలిసి నా స్టూడియోలోకి వచ్చింది. కూతురు మధురవాడలో ఏదో ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. పెళ్ళికొడుకుది ఆటోనగర్‌లో సొంత వర్క్‌షాపు. ఈ వివరాలన్నీ కూతురు చెప్పింది. ఆవిడ నేనిచ్చిన శాంపిల్ ఆల్బం మీద పడింది. పేజీలు తిప్పడం లేదు, ఎత్తి కింద ఏముందో చూస్తోంది. ఒక పెళ్ళికూతురి దగ్గర ఆగి వేలు పెట్టింది.

"ఈ పిల్ల కళ్ళు సూడు బాబూ. నిన్నటి సేప."

నేను చూశాను. నిజమే.

"కళ్ళు మెరవాల. కళ్ళు సచ్చిపోతే ఆ సేపని ఎవరు కొంతారు? మా పిల్లని ఇలాగ తీత్తే నాను ఊరుకోను."

"లేదమ్మా, అప్పుడు ఆ అమ్మాయికి నిద్ర లేదు."

"సేపకేటి, నిద్రుంతాదా?"

ఆవిడ ఆల్బం మూసి, నన్నే ఒకసారి పైనుంచి కిందికి చూసి, పెళ్ళి పని నాకే అప్పగించి, గంపెత్తుకుని వెళ్ళిపోయింది. ఎందుకు ఒప్పుకుందో నాకు తెలీదు. నా కళ్ళు మెరిశాయని అనుకుంటున్నాను.

కూతురు వెళ్ళలేదు. తల్లి సందు తిరిగేదాకా చూసి, కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అన్నయ్యా, మీరు ఏం తీసినా, తీయకపోయినా పర్లేదు. నాకు ఒక్క ఫోటో కావాలి. తాళి కట్టేటప్పుడు మా అమ్మ నా పక్కనుండాలి."

ఇంత సులువైన కోరికా అనుకున్నాను. ఎక్సెల్ షీటులో ఒక్క వరసే.

"అమ్మ రాదు," అంది ఆ అమ్మాయి. "నాన్న పోయి పన్నెండేళ్ళైంది. అప్పట్నుంచీ ఏ శుభకార్యంలోనూ ముందుకి రాదు. నా వోణీల ఫంక్షన్ ఆల్బంలో నూట ఇరవై ఫోటోలున్నాయి. మా అమ్మ ఒక్కదాంట్లోనూ లేదు. ఒకదాంట్లో మోచెయ్యి ఉంది."

"ఎవరైనా వద్దన్నారా?"

"ఎవరూ వద్దనలేదు. ఎవరూ రమ్మనలేదు కూడా. పీటల మీద పెదనాన్న, పెద్దమ్మ కూర్చుంటారు. తను వంటల దగ్గర ఉంటానంటోంది. మీరు మాత్రం అడక్కండి. అడిగితే ఏడుస్తుంది. ఏడుపొస్తే ఎవరికీ కనపడకుండా ఎక్కడికో పోతుంది. అప్పుడు మోచెయ్యి కూడా ఉండదు."

"చూద్దాం," అన్నాను. మా వృత్తిలో అది చాలా పెద్ద ప్రమాణం.

పెళ్ళికి ముందురోజు పసుపు దంచే కార్యక్రమం. సముద్రం పక్కన వాళ్ళ వీధి. రెండు వరసల ఇళ్ళ మధ్య పందిరి వేశారు. నాతో వీడియో తీసే బావ వచ్చాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. మా ఊళ్ళో ఇద్దరు మగవాళ్ళు రెండుసార్లు కలిసి టీ తాగితే బావలైపోతారు, అంతే. సంగతంతా బావకి ముందే చెప్పాను.

నేను మొదట వేసిన వేషం, బాధని అర్థం చేసుకునే మనిషి వేషం. ఆవిడ నీళ్ళ డ్రమ్ము దగ్గర ఒంటరిగా దొరికితే దగ్గరికి వెళ్ళి, గొంతు బాగా తగ్గించి, "ఒక్కరే ఇంత చేశారమ్మా, మామూలు విషయం కాదు" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "ఏటి బాబూ, ఒంట్లో బాగులేదా? జొరమేటి?"

రెండు నిమిషాల్లో నా చేతిలో శొంఠి కాఫీ ఉంది. తాగేదాకా అక్కడే నిలబడింది. ఆ వేషం అలా ముగిసింది.

రెండో వేషం దొంగతనం. పెద్ద లెన్సు తగిలించుకుని ఎదురింటి డాబా ఎక్కాను. అక్కణ్ణుంచి ఆవిడ స్పష్టంగా కనిపిస్తోంది. బుట్టలో ఉల్లిపాయలు ఏరుతోంది. నేను బటన్ మీద వేలు పెట్టాను. ఆవిడ తల ఎత్తకుండానే కేకేసింది.

"ఓ బాబూ! డాబా ఎక్కి ఏటి తీత్తన్నావు? కాకులకేటి పెళ్ళి?"

వీధి వీధంతా నన్ను చూసింది. ఇన్నేళ్ళూ హార్బరులో గంప ముందు కూర్చుని, ఏ చెయ్యి ఏ చేప మీదికి పోతోందో తల తిప్పకుండా కనిపెట్టిన మనిషి. ఆవిడకి తెలీకుండా ఆవిడ ముఖం ఎత్తుకుపోవడం అయ్యే పని కాదు.

బావ కూడా ప్రయత్నించాడు. వీడియో కెమెరా పట్టుకుని మామూలుగా నడుస్తున్నట్టు దగ్గరికి వెళ్ళాడు. లెన్సుకి అడ్డంగా జంతికల పళ్ళెం వచ్చింది. "ముందు తిను బాబూ." ఆ వీడియో నా దగ్గర ఇప్పటికీ ఉంది. నాలుగు నిమిషాలు జంతికలు.

సాయంత్రం ఫోటోలు తిప్పి చూసుకుంటే ఆవిడవి నలభై పైనే ఉన్నాయి. వీపు, కొంగు, ఒక గరిటె, మళ్ళీ వీపు. మోచేతులు మాత్రం సమృద్ధిగా వచ్చాయి.

"ఆవిడ రాదు బావా," అన్నాడు బావ. "ఆ అమ్మాయికి చెప్పేద్దాం."

నేను ఫోటోలు మళ్ళీ తిప్పాను. ఈసారి ఆవిడ ఎలా ఉందని కాకుండా ఎక్కడ ఉందని చూశాను. ఒకదాంట్లో పందిరివాడు కట్టిన ముడి విప్పి మళ్ళీ కడుతోంది. ఒకదాంట్లో వంటవాడి చేతిలో గరిటె ఆవిడ చేతిలోకి వచ్చేసింది. ఒకదాంట్లో కుర్చీలు దించేవాణ్ణి పక్కకి నెట్టి తనే దించుతోంది. ఆ కుర్చీలు పందిరి మధ్యలోనే ఉన్నాయి. అంటే పందిట్లోకి రాకూడదన్న సంగతి ఆవిడకి అప్పుడు గుర్తు లేదు. ఎవరో పని చెడగొడుతున్నారు, అంతే గుర్తుంది.

పిలిస్తే రాని మనిషి, పని పాడవుతుంటే వస్తుంది. ఇంతవరకూ నేను నా పని బాగా చేయడానికి ప్రయత్నించాను. తప్పు అక్కడుంది.

మర్నాడు ముహూర్తం పొద్దున్న తొమ్మిది దాటాక. పందిరి సముద్రం వైపు తెరిచి ఉంది. పెళ్ళిపీటల వెనక నుంచి ఎండ దంచుతోంది. అంటే వధూవరుల వీపులు వెలిగిపోతున్నాయి, ముఖాలు నల్లగా ఉన్నాయి. ఇలాంటప్పుడు మేము రిఫ్లెక్టర్ వాడతాం. మడిస్తే టిఫిన్ పళ్ళెమంత, వదిలితే టప్పున విచ్చుకుని బండి చక్రమంత అయ్యే వెండి రంగు గుడ్డ. ఎదురుగా పట్టుకుంటే ఎండ దాని మీద పడి, తిరిగి ముఖాల మీదికి వస్తుంది. దాన్ని పట్టుకోవడానికి మాకు యాభై దాటిన ఒక లైటు మనిషి ఉన్నాడు. చాలా నేర్పరి. అందుకే ఆయన్ని బ్యాటరీ తెమ్మని గాజువాక పంపించాను. బ్యాటరీ నా జేబులోనే ఉంది.

వీడియో కెమెరా స్టాండు మీద నిలబెట్టి, రిఫ్లెక్టరు బావ చేతికిచ్చాను.

"బావా, దీన్ని నువ్వు బాగా చెత్తగా పట్టుకోవాలి."

"ప్రత్యేకంగా ఏమన్నా చేయాలా?"

"అక్కర్లేదు. నీకు వచ్చినట్టు పట్టుకో."

బావ నా నమ్మకాన్ని నిలబెట్టాడు. వెలుగు ముందు పంతులుగారి కళ్ళల్లో పడింది. ఆయన మంత్రం మధ్యలో ఆపి, "నాయనా, నాకు పుస్తకం కనపడటం లేదు" అన్నారు. తర్వాత పెళ్ళికొడుకు బాబాయిగారి బట్టతల మీద పడి, అక్కణ్ణుంచి పందిరి పైకప్పంతా తిరిగింది. పెళ్ళికూతురి ముఖం మీద తప్ప అన్నిచోట్లా పడింది.

వంటల టెంటు వైపు నుంచి కేక వినిపించింది. "ఓలమ్మ! పిల్ల మొకం సీకటైపోతంది! అటెక్కడో కొడతాడేటి ఆడు?"

నేను ఆ వైపు చూడలేదు. బావతో మాత్రం టెంటుకి వినపడేలా అన్నాను: "పోనీలే బావా. తాళి ఫోటో ఇక పోయినట్టే."

ఆవిడ వచ్చింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ విసవిసా వచ్చింది. వచ్చి, పందిరి నీడ మొదలయ్యే గీత దగ్గర ఆగిపోయింది. కాలు ఒకటి ముందుకి వేసి, వెనక్కి తీసుకుంది. పీటల మీద పెదనాన్న, పెద్దమ్మ కూర్చున్నారు. చుట్టాలు గుంపు కట్టారు. పెళ్ళికూతురు తల వంచుకునే ఉంది గానీ, మెడలో నరం బిగిసింది. తల్లి అక్కడిదాకా వచ్చిందని ఆ అమ్మాయికి తెలుసు.

నేను జీవితంలో చాలాసార్లు ఏమీ చేయకుండా ఊరుకున్నాను. కానీ కష్టపడి ఊరుకున్నది అదొక్కసారే. కెమెరాలో ఏదో చెడిపోయినట్టు దాన్నే చూస్తూ నిలబడ్డాను. బావ మాత్రం నిజంగానే చేతులు నొప్పి పుట్టి, ఆవిడ వైపు తిరిగి, "ఎలా పట్టుకోవాలమ్మా దీన్ని? నాకు చేతకావట్లేదు" అన్నాడు. అందులో నటన ఏమీ లేదు.

"ఇలాగియ్యి," అంది. గీత దాటేసింది.

ఇద్దరు ముగ్గురు చుట్టాలు ఆవిడ వంక చూశారు. పెదనాన్న నోరు తెరిచారు. ఆయన ఏమనబోయారో నాకు ఇప్పటికీ తెలీదు. మంచి మాటే కావచ్చు. కానీ పెళ్ళి పందిట్లో అందర్నీ పక్కకి జరగమనే అధికారం ఇద్దరికే ఉంటుంది. ఒకరు పంతులుగారు, రెండోవాడు ఫోటోగ్రాఫరు. నేను ఆ అధికారం వాడాను.

"లైటు మనిషికి దారివ్వండి! జరగండి, జరగండి!"

అందరూ జరిగారు. పెళ్ళికూతురి తల్లికి ఎవరూ చోటివ్వని పందిట్లో, లైటు మనిషికి మాత్రం పీటల పక్కదాకా దారి దొరికింది.

ఆవిడకి నేను ఏమీ నేర్పలేదు. ఎండ ఏ పక్క నుంచి వస్తుందో, ఎంతసేపటికి ఎక్కడికి జరుగుతుందో ఆవిడకి నాకంటే బాగా తెలుసు. నేను దాన్ని రెండేళ్ళు చదివాను. ఆవిడ రోజూ దాంతో పోట్లాడి, చేపల మీద పడకుండా అడ్డం పెట్టింది. ఇప్పుడు చిన్నగా మణికట్టు తిప్పింది. వెలుగు వచ్చి కూతురి ముఖం మీద కూర్చుంది. మళ్ళీ కదల్లేదు.

మేళగాళ్ళు గట్టిగా అందుకున్నారు. పెళ్ళికొడుకు తాళి కట్టాడు. నా ఫ్రేములో ముగ్గురున్నారు: కట్టేవాడు, కట్టించుకునే అమ్మాయి, చేతికందే దూరంలో వెండి చక్రం పట్టుకుని, ఊపిరి కూడా తీసుకోకుండా నిలబడ్డ తల్లి. నేను తీశాను. కావలసిన ఫోటో వచ్చేసింది. అక్కడితో నా పని అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు అక్షింతలు మొదలయ్యాయి. మన పెళ్ళిళ్ళలో వెనక వరసవాళ్ళు వేసిన అక్షింతలు వధూవరులదాకా ఎప్పుడూ రావు. ముందు వరసవాళ్ళ జడల్లోనూ, ఫోటోగ్రాఫరు చొక్కాలోనూ పడతాయి. ఆ రోజు చాలావరకు రిఫ్లెక్టరులో పడ్డాయి. వాన రేకు మీద పడ్డట్టు టపటపమని చప్పుడు. ఆవిడ కిందికి చూసింది. రెండు చేతులూ పనిలో ఉన్నాయి. కూతురి మీద ఒక్క గింజ వేద్దామన్నా చెయ్యి ఖాళీ లేదు. అటూ ఇటూ చూసింది. తర్వాత చక్రాన్ని కొంచెం వంచి, గింజలన్నీ ఒక అంచుకి చేర్చి, గంప బోర్లించినట్టు మొత్తం ఇద్దరి నెత్తి మీదా గుమ్మరించింది.

పెళ్ళికొడుకు ఉలిక్కిపడ్డాడు. పెళ్ళికూతురి నోట్లో కూడా పడ్డాయి. ఉమ్ముతూ, నవ్వుతూ, తలెత్తి తల్లిని చూసింది. తల్లి కూడా నవ్వేసింది, నోరంతా తెరిచి. నేను బటన్ మీంచి వేలు తీయలేదు. ఎన్ని తీశానో లెక్కపెట్టలేదు.

"ఎవరమ్మా అన్నేసి వేసింది?" అన్నారు పంతులుగారు, పుస్తకం దులుపుకుంటూ.

"లైటు మనిషండీ," అన్నాడు బావ.

ఆ తర్వాత గ్రూప్ ఫోటోలు. ఆవిడ ఇక పనైపోయిందన్నట్టు రిఫ్లెక్టరు చంకలో పెట్టుకుని వంటల వైపు బయల్దేరింది. పెళ్ళికూతురు కొంగు పట్టుకుంది.

"ఉండమ్మా. నాతో ఒకటి దిగు."

"నానెలాగ దిగుతానే? ఈ లైటు ఎవరు పట్టుకుంతారు?"

ఆ అమ్మాయి తల్లి చేతుల్లోంచి రిఫ్లెక్టరు తీసుకుంది. పక్కనే పట్టు పంచె, కండువాతో పెదనాన్న నిలబడి ఉన్నారు. మామూలుగా అయితే ఈ ఫోటోకి మధ్యలో ఉండవలసిన మనిషి. ఆయన చేతుల్లో పెట్టేసింది.

"పెదనాన్నా, కాసేపు పట్టండి."

ఆయన రిఫ్లెక్టరు చూశారు. నన్ను చూశారు. ఖాళీ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక కొంగు మెలిపెడుతున్న తమ్ముడి భార్యని చూశారు. పందిరంతా ఆయన వంకే చూస్తోంది. ఆయన నాలుగడుగులు నడిచి వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"కొంచెం పైకండీ," అన్నాను. "ఇంకొంచెం ఎడమకి. ఆవిడ ముఖం మీద పడాలి."

పడింది. కానీ నేరుగా కళ్ళల్లో పడింది. ఆవిడ మొహం చిట్లించి, ఒక్క క్షణం తటపటాయించి, ఎదురుగా చూస్తూ అంది:

"బావగారూ, మరీ ఎదురుగా కొట్టకండి. కాసింత వంచండి. అదిగో, అలాగ."

రెండు రోజుల్లో ఆవిడ ఆయనతో నేరుగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. ఆయన వంచారు. కండువా జారిపోతే దాన్ని సర్దుకోకుండా వంచారు. కూతురు తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసింది. నేను కెమెరా కంటికి ఆనించాను.

"బాబూ," అన్నారాయన, పెదాలు కదపకుండా. "ఇందులో నాను పడతానా?"

"మీరు పడరండీ. మీ లైటు పడుతుంది."

ఆయన చక్రం అంచుల మీద చేతులు సర్దుకున్నారు.

"అయితే కాసేపాగు. సరిగ్గా పట్టుకుంతాను."